అన్ని పనులకూ ఒక ఫ్రేము

సైకిల్లో చాలా భాగాలు తర్వాత మార్చుకోవచ్చు. సీటు నచ్చకపోతే ఇంకోటి వేయించుకుంటాం. హ్యాండిల్ మారుస్తాం. గేర్లు ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు. ఫ్రేము అలా కాదు. టైరుకీ ఫ్రేముకీ మధ్య ఎంత సందు ఉంటుంది, నడిమి బార్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుంది అన్నవి ఒకసారి గొట్టాలు అతికాక ఇక అంతే. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో ఫ్రేము ఇంటర్‌ఫేస్ లాంటిది, మిగతావన్నీ దాని వెనక ఎప్పుడైనా తిరగరాసుకోగల కోడు. అందుకే ఇంట్లో అందరికీ కలిపి ఒక సైకిలు కట్టించుకుందాం అనుకున్నాక, రెండు నెలలు ఫ్రేము దగ్గరే ఆగిపోయాను.

మా ఇల్లు పెదకాకానిలో. కావలసిన పనుల చిట్టా మామూలుదే. పాపని బడి దగ్గర దింపాలి, కూరలు తేవాలి, ఎప్పుడైనా గుంటూరు దాకా వెళ్ళిరావాలి, క్యారేజీ మీద పాతిక కిలోల బియ్యం బస్తా మోయాలి. వీటన్నిటికంటే కష్టమైన పని చేలోకి వెళ్ళే డొంక. వానాకాలంలో నల్లరేగడి మీద నాలుగు గజాలు పోయేసరికి మట్టి టైరుకి చుట్టుకుని, మడ్‌గార్డులోకి దూరి, చక్రాన్ని బిగబట్టేస్తుంది. బొమ్మల్లో అందంగా కనిపించే సన్న టైర్ల ఫ్రేములన్నీ ఆ ఒక్క కారణంతో పక్కకి పోయాయి.

ఉక్కే ఎందుకు? బరువు తక్కువ కావాలంటే అల్యూమినియం ఉంది కదా అని స్నేహితులు అడిగారు. ఇంజనీరింగ్‌లో చదువుకున్న ఒక సంగతి ఇక్కడ పనికొచ్చింది. ఉక్కు బిగువు సుమారు 200 గిగాపాస్కల్స్. మామూలు ఉక్కయినా ఖరీదైన క్రోమోలీ అయినా ఈ అంకె పెద్దగా మారదు. ఖరీదైన ఉక్కులో పెరిగేది బలం. దాంతో గొట్టాన్ని పలచగా చేసి బరువు తగ్గించవచ్చు. ఇంగ్లండులో రేనాల్డ్స్ కంపెనీ 1935లో తెచ్చిన 531 గొట్టాల పేరు అలా వచ్చిందే. అల్యూమినియం బిగువు ఉక్కులో మూడోవంతు. పైగా చిన్న చిన్న కుదుపులు లక్షల సార్లు పడుతుంటే, ఫలానా హద్దు లోపల ఎన్నిసార్లు పడినా విరగదు అని చెప్పుకోవడానికి ఉక్కుకున్నంత స్పష్టమైన హద్దు దానికి లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఉక్కు విరిగితే గ్యాస్ వెల్డింగ్ షాపులో ఇత్తడి పోసి అతుకుతారు.

'అన్ని పనులకూ' అన్న మాటని నిజాయితీగా పట్టించుకున్న ఫ్రేములు లేకపోలేదు. అమెరికాలో సర్లీ వాళ్ళ క్రాస్‌చెక్ ఫ్రేముకి వెనక చక్రం పట్టే చోటు 132.5 మిల్లీమీటర్లు. రోడ్డు సైకిళ్ళ హబ్బు 130, కొండ సైకిళ్ళది 135. రెంటికీ మధ్యన ఆగి, ఉక్కు కాస్త సాగుతుంది కాబట్టి ఏది కావాలంటే అది బిగించుకోండి అన్నారు. ఆ అర మిల్లీమీటరు ముందు చాలాసేపు కూర్చున్నాను. అంత మంచి రాజీ పుస్తకాల్లో కూడా అరుదు.

ఇంట్లో నాన్న పాత సైకిలు ఫ్రేము ఉంది. 24 అంగుళాల ఎత్తు, 28 ఇంటూ ఒకటిన్నర టైర్లు, మట్టికి కావలసినంత సందు. ఆ టైరు మన ఊళ్ళల్లో ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతుంది. లెక్క ప్రకారం చూస్తే వెతుకులాట అక్కడితో అయిపోవాలి. కానీ దాని నడిమి బార్ దాటి మా ఆవిడ చీరలో ఎక్కలేదు. రెండేళ్ళ కిందట మోకాలి ఆపరేషన్ అయ్యాక నాన్న కాలు కూడా అంత ఎత్తు లేవడం లేదు.

1885లో స్టార్లీ రోవర్ సైకిలు వచ్చిన కొద్ది ఏళ్ళకే ఈ నాలుగు పలకల ఆకారం స్థిరపడింది. త్రికోణాలు కాబట్టి తక్కువ గొట్టంతో ఎక్కువ బిగువు. బార్ కిందికి దించితే ఆ బిగువు కొంత పోతుంది, పూడ్చడానికి బరువు పెంచాలి. ఇది లెక్క. దాని మీద మనం వేసుకున్న పేర్లు వేరే. బార్ ఉంటే సైకిలు, లేకపోతే 'లేడీస్ సైకిలు'. బడికొస్తా పథకంలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ఇచ్చినవి అలాంటివే. "ఆడపిల్లల సైకిలు నేనెక్కనురా" అని నాన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు.

సాహిత్యం గురించి రాసేటప్పుడు మనం 'సార్వజనీనం' అనే మాట తేలిగ్గా వాడేస్తాం. ఎవరి అనుభవాన్ని అందరిదీ అంటున్నాం అని అడిగితే చాలా పుస్తకాల దగ్గర ఇబ్బంది పడాల్సి వస్తుంది. ఫ్రేము దగ్గరా అదే ప్రశ్న. బార్ ఉన్న ఫ్రేము అన్ని పనులకూ పనికొస్తుంది, కాలు అంత ఎత్తు లేపగలిగిన మనిషికి.

కాబట్టి కొలత మెట్ల దగ్గర తీసుకున్నాను. మా మేడ మెట్టు ఏడు అంగుళాలు. నాన్న ఒకేసారి రెండు మెట్లు ఎక్కగలడు, మూడు కష్టం. అంటే బార్ 14 అంగుళాలకి అటూ ఇటూగా ఉండాలి. ఫ్రెంచివాళ్ళ 'మిక్స్‌ట్' ఫ్రేములో రెండు సన్న గొట్టాలు ముందు నుంచి వెనక చక్రం దాకా పోతాయి, బిగువు బాగుంటుంది, కానీ ఆ ఎత్తుకి దిగవు. చివరికి గుంటూరులో ఒక పాత లేడీస్ ఫ్రేము దొరికింది. 28 చక్రాలదే. వెనక కొలిస్తే 112 మిల్లీమీటర్లు. గేర్ల హబ్బు కోసం మెల్లగా వెడల్పు చేయాలి. ఉక్కు కాబట్టి కుదురుతుంది.

క్యారేజీ మీద పాతిక కిలోలు పెడితే ఈ ఫ్రేము వెనక భాగం ఊగుతుంది. ఆ సంగతి తెలిసే కొన్నాను. బియ్యం బస్తాకి ఆటో ఉంది. నాన్న సాయంత్రం శివాలయం దాకా వెళ్ళాలంటే, బండి మీద దింపమని నన్ను అడగడం తప్ప ప్రస్తుతం ఇంకో దారి లేదు. ఆయన ఇంకా ఎక్కుతానని అనలేదు. ఏ రంగు వేయిస్తున్నావని మాత్రం అడిగాడు.