ఎకరాకి ఎన్ని కేజీలండీ?

మన సాఫ్ట్‌వేరు వాళ్ళకో జబ్బుంది. దేన్నైనా ఒక అంకెలోకి దించితే గానీ నిద్ర పట్టదు. ఈమధ్య ఓ మిత్రుడు అరకు కాఫీ రైతులకి దిగుబడి యాప్ చేద్దామన్నాడు. చెట్టుని ఫొటో తీస్తే ఎకరాకి ఎన్ని కేజీలో చెప్పేస్తుందట. వినడానికి బానే ఉంది. కానీ 'ఎకరాకి ఎన్ని కేజీలు' అన్నది భాగహారం. లవం, హారం రెండూ గట్టిగా ఉండొద్దూ?

ముందు లవం. ఏ కేజీ? కోసిన ఎర్ర పండా, పల్పు తీసి కడిగి ఎండబెట్టిన పార్చ్‌మెంటా, పొట్టు తీసిన గింజా? సుమారు ఐదారు కేజీల పండుకి ఒక కేజీ గింజ. ఒకాయన పండు లెక్క, పక్కాయన గింజ లెక్క చెప్తే మన డేటాబేసు గోవిందా! పైగా పండు అంతా ఒకేసారి పండదు, విడతలుగా కోస్తారు. కొంత జీసీసీకి, కొంత సంతలో వ్యాపారికి పోతుంది. వేసవిలో వెళ్ళి "మొత్తం ఎంతొచ్చింది?" అంటే ఎవరికి గుర్తుంటుంది? మీ పోయినేడాది పెట్రోలు ఖర్చు చెప్పండి చూద్దాం.

ఇక హారం. అక్కడ కాఫీ సిల్వర్ ఓక్ నీడలో, కొండవాలులో పెరుగుతుంది. ఉపగ్రహం పైనుంచి చూస్తే కనబడేది ఓక్ కొమ్మలే. మధ్యలో మొక్కలు చచ్చిన ఖాళీలు. పట్టాలో ఎకరమంతా కాఫీ ఎకరం కాదు.

ఇంకోటి. అరబికా ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు తగ్గడం మామూలే. కాఫీ బోర్డు కూడా పూత తర్వాత ఒకసారి, వానాకాలం తర్వాత ఇంకోసారి అంచనా వేస్తుంది.

ఇదంతా చాదస్తం కాదండి. ఆ అంకె స్క్రీను మీదే ఆగదు. 'ఈ తోట దండగ' అని అప్పు ఆపడానికో, 'పంట బయట అమ్ముకున్నాడు' అని అనుమానించడానికో పనికొస్తుంది. తప్పు లెక్క మనది, నష్టం ఆ రైతుది.

నా మటుకు నాకు తోచింది ఇది. కాపుకొచ్చిన చెట్లు లెక్కపెట్టాలి. చీటీలేసి కొన్ని చెట్లు ఎంచుకుని, ప్రతి కోతలోనూ వాటి పండు విడిగా తూచాలి. చెట్టుకి సగటు కట్టి, రెండేళ్ళైనా చూడాలి. ఆ పుస్తకం రైతు దగ్గరే ఉండాలి. యాప్ వద్దనడంలేదు, ముందు తక్కెడ కొనమంటున్నా.

ఏమంటారు?