జానెడు కత్తి

"ఏందీ, కొండెక్కటానికి కత్తా? పల్నాడు పిల్లోడి సంచిలో కత్తి కనపడితే నలుగురూ ఏమనుకుంటార్రా?"

అమ్మ అంత గట్టిగా అనేసరికి మావాడు బిత్తరపోయాడు. పాపం, వాడు అడిగింది పెద్ద కోరికేం కాదు. స్నేహితులతో కలిసి కొండవీడు కోట చూడటానికి వెళ్తున్నాడు. ఘాట్‌రోడ్డు ఉన్నా నడిచే ఎక్కుతారట. దానికో మంచి కత్తి కావాలన్నాడు. ఫోన్లో బొమ్మ కూడా చూపించాడు. అడుగు పొడుగు, వీపు మీద రంపం పళ్లు, నల్లరంగు... సినిమాలో విలన్ చేతిలో ఉండాల్సిన సరుకు!

అమ్మ భయం ఊరికే వచ్చింది కాదు. ఊళ్లో కక్షలు రగులుతున్న రోజుల్లో మా మేనమామ చేలో పని ముగించుకుని, కొడవలి భుజాన వేసుకుని వస్తున్నాడు. అవతలి వర్గం వాళ్లు తమ మీదికే వస్తున్నాడనుకున్నారు. పెద్దమనుషులు అడ్డం పడబట్టి బతికి బయటపడ్డాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో పదునున్న వస్తువేదీ గడప దాటదు. ఏటా కార్తీక అమావాస్యకు కారంపూడిలో పల్నాటి వీరుల ఆయుధాలకు దణ్ణం పెట్టుకొచ్చే అమ్మే, మనవడి కత్తికి మాత్రం వణికిపోతుంది!

నేను మాత్రం కత్తి వద్దనలేకపోయాను. నా చూపుడువేలి మీద మచ్చ అందుకు సాక్షి. కాలేజీ రోజుల్లో తిరనాళ్లలో కొన్న మడతకత్తితో తాడు కోస్తుంటే, అది ఉన్నట్టుండి మడత పడి వేలు తెగింది. కుట్లు పడ్డాయి. కొండల్లో తిరిగేవాడికి మడవని కత్తే నయమని ఆరోజే తెలిసొచ్చింది.

మావాణ్ని మా ఊరి కమ్మరి తాత దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కొలత అడగలేదు, ధర చెప్పలేదు.

"ఏం కోస్తావు బాబూ?" అన్నాడు.

"తాడు, పళ్లు, ఉల్లిపాయలు... ఓ ఎండుపుల్ల చెక్కుకోవటానికి..."

"చెట్లు నరకవుగా? అయితే ఇది చాలు" అంటూ నాలుగు వేళ్లు చూపించి, వాటి పక్కన ఇంకో వేలు పెట్టాడు. అంటే నాలుగంగుళాల లోపే అలుగు. పిడితో కలిపితే జానెడు!

లారీ కమాను బద్ద ముక్కను కొలిమిలో పెట్టాడు. అయస్కాంతం అంటుకోనంత ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. "ఇట్టాగే వదిలేస్తే గాజులాగా పుటుక్కున విరుగుద్ది" అంటూ మళ్లీ సన్నసెగ చూపించాడు. అలుగు మందం మూడు మిల్లీమీటర్లు. అంతకన్నా లావైతే ఉల్లిపాయ తెగదు, చీలుతుంది. రేకు పిడి మధ్యలో ఆగకుండా చివరిదాకా ఉండాలన్నాడు. బలమంతా అక్కడేనట. తడిచేతికి జారకుండా తుమ్మచెక్క పిడి వేశాడు. రంపం పళ్ల ఊసెత్తితే నవ్వాడు. "పుల్ల చెక్కేటప్పుడు వీపు మీద బొటనవేలు ఆనించొద్దూ?"

ఈ ఉక్కుకు ఒకటే జబ్బు, తుప్పు. వాడగానే తుడిచి, చుక్క కొబ్బరినూనె రాయాలి. తోలు ఒర చెమ్మ పీలుస్తుంది కాబట్టి ఇంటికొచ్చాక కత్తిని అందులో ఉంచకూడదు. ఇంత ఓపిక లేనివాళ్లకు స్టెయిన్‌లెస్ స్టీలే మేలు.

దారిలో మావాడికి మరో మాట చెప్పాను. ఇంటికో సేద్యానికో పనికొచ్చేది కాకుండా, 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన కత్తి ఆయుధాల నిబంధనల కిందికి వస్తుంది. ఎప్పుడైనా మాచర్ల దాటి నల్లమలలో పులుల అభయారణ్యం వైపు వెళ్తే ఈ జానెడు కత్తి కూడా ఇంట్లోనే ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కత్తినీ ఆయుధమనే అంటుంది. ముందుగా రాతపూర్వకంగా అనుమతి లేనిదే అభయారణ్యంలోకి తీసుకెళ్లకూడదు. కత్తిని ఎంచుకోవటమంటే, ఎక్కడ వదిలేసి వెళ్లాలో తెలుసుకోవటం కూడా!

ఇంటికొచ్చి కత్తిని అమ్మ చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. ఇక ఇవ్వదనే అనుకున్నాం.

తెల్లవారి బయల్దేరేటప్పుడు మావాడి చేతిలో అన్నం మూట పెట్టింది. పులిహోర, రెండు ఉల్లిపాయలు, ఓ దోసకాయ... వాటి పక్కనే ఒరలో కత్తి.

"నడుముకి కట్టుకోమాక. మూటలోనే ఉండనీయ్. ఎవరన్నా అడిగితే ఉల్లిపాయ కోసి చూపించు" అంది.