కోఠీ గల్లీ... గిటారు లొల్లి!
హైదరాబాద్‌లో కోఠీ అంటే ఒక్కొక్కరికి ఒక్కోటి గుర్తొస్తుంది. విద్యార్థులకి ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలు, పెళ్లి పెట్టుకున్నవాళ్లకి సుల్తాన్‌బజార్ చీరలు, చరిత్ర ఇష్టపడేవాళ్లకి రెండు శతాబ్దాల నాటి బ్రిటిష్ రెసిడెన్సీ భవనం. ఇంట్లో ఏ రేడియోనో, స్పీకరో మూగబోయినవాళ్లకి మాత్రం గుర్తొచ్చేది గుజరాతీ గల్లీ!

ఇరుకు దారి, తలపైన వైర్ల పందిరి, అటూ ఇటూ అగ్గిపెట్టెల్లాంటి దుకాణాలు. కౌంటర్ వెనక గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. ఒకదాంట్లో రెసిస్టర్లు, ఇంకోదాంట్లో కెపాసిటర్లు, మరోదాంట్లో ఐసీలు. నంబరు చెబితే చాలు, షాపతను వెనక్కి చూడకుండానే సరైన సొరుగు లాగుతాడు. పది కొనాలన్న నియమం లేదు. ఒక్కటి అడిగినా కాగితంలో చుట్టి ఇస్తాడు.

నిరుడు ఓ గురువారం మా మేనల్లుడితో కలిసి అక్కడికి వెళ్లాను. ఇంజినీరింగ్ చదువుతున్నాడు, గిటారు పిచ్చి. వాడి సంచిలో ఒక గిటారు పెడల్ ఉంది. గిటారుకీ ఆంప్లిఫయర్‌కీ మధ్య పెట్టి కాలితో నొక్కే లోహపు డబ్బా అది. నొక్కితే తియ్యటి తీగ కాస్తా గరగరమంటూ గర్జిస్తుంది. సినిమా పాటల్లో వింటుంటామే, ఆ మోత! వాళ్లక్క మొదటి జీతంతో కొనిచ్చింది. శనివారం కాలేజీ ఫెస్ట్. బుధవారం రాత్రి అసలు ఎడాప్టర్ కనపడక, హాస్టల్లో వైఫై రూటర్‌ది లాగి పెట్టాడట. పిన్ను చక్కగా పట్టింది. కాసేపటికే కాలిన వాసన! తర్వాత సొంత ఎడాప్టర్ దొరికినా లైటు వెలగలేదు. దారి పొడవునా ఒకటే మాట... ‘‘అక్కకి చెప్పకు మామా!’’

పిన్ను పట్టినంత మాత్రాన కరెంటు కుదరాలని లేదు. రూటర్‌ది 12 వోల్టులు, పెడల్‌కి కావాల్సింది 9. అంతకంటే పెద్ద తిరకాసు ఇంకోటుంది. మామూలుగా రూటర్ ఎడాప్టర్ పిన్నులో లోపల ప్లస్, బయటి గొట్టం మైనస్. చాలా గిటారు పెడల్స్‌కి సరిగ్గా తలకిందులు: లోపల మైనస్, బయట ప్లస్. ఎందుకిలా? పెడల్ లోపల బ్యాటరీ కూడా ఉంటుంది. ఎడాప్టర్ గుచ్చగానే దాని కనెక్షన్ దానంతటదే తెగాలి. సాకెట్‌లో ఆ పని చేసే బుల్లి స్విచ్ బయటి గొట్టం వైపు ఉంటుంది. దాంతో బ్యాటరీ ప్లస్‌ని తెంపాలంటే బయట ప్లస్ ఉండాల్సిందే. 1977లో తన తొలి చిన్న పెడల్స్ తెచ్చిన బాస్ లాంటి జపాన్ కంపెనీల పద్ధతే తర్వాత అందరికీ అలవాటైంది.

గల్లీలో నలుగురిని అడిగితే ఓ మేడమెట్ల కింద బల్ల వేసుకున్న పెద్దాయన్ని చూపించారు. డబ్బా చూడగానే ‘‘గల్తీ ఎడాప్టర్ పెట్టినవ్ కదా బేటా?’’ అన్నాడు. నాలుగు స్క్రూలు విప్పి, సాకెట్ పక్కనే ఉన్న ఓ చిన్న నల్ల గొట్టానికి మీటరు కడ్డీలు ఆనించాడు. కుయ్‌మంది. కడ్డీలు తిప్పి ఆనించాడు. మళ్లీ కుయ్! మంచి డయోడైతే అలా మోగదట.

డయోడ్ కరెంటుని ఒకే దిక్కున పోనిస్తుంది. పెడల్లో దాన్ని కావాలనే అడ్డంగా కూర్చోబెడతారు. సరైన కరెంటొస్తే కదలకుండా కూర్చుంటుంది. తిరగబడిన కరెంటొస్తే దాన్నంతా తనలోంచే పోనిచ్చి, వెనకున్న ఐసీని కాపాడుతుంది. ఎక్కువసేపు పోతే మాడిపోయి ఉత్త తీగముక్కలా మారుతుంది. ఇక సరైన ఎడాప్టర్ పెట్టినా కరెంటు ముందుకు పోదు.

పెద్దాయన దాన్ని ఊడబెరికి సరైన ఎడాప్టర్ పెట్టగానే ఎర్రలైటు వెలిగింది! మావాడు ‘‘ఇంకేం, ఇట్లనే మూసేయండి’’ అన్నాడు ఉషారుగా. ‘‘మళ్ల ఇదే గల్తీ చేస్తే చచ్చేటందుకు ఎవరున్నరు?’’ అని నవ్వి, ఎదురు షాపుకి పంపాడు. 1ఎన్4007 డయోడ్, మూడు రూపాయలు. ముందుజాగ్రత్తగా ఓ కెపాసిటర్ కూడా తెప్పించాడు. వెండి గీత ఉన్న కొన ప్లస్ వైపు వచ్చేలా చూసి టాంకా వేశాడు.

లైటొస్తే సరిపోదు, శబ్దం రావాలిగా! అక్కడ గిటారేదీ? సెల్‌ఫోన్‌లో ఓ పాత పాట పెట్టి పెడల్‌లోకి, అందులోంచి బల్ల మీది స్పీకర్లోకి వైరు కలిపాడు. ఆ మెత్తని గొంతు కాస్తా గరగరా రంకెలేసింది. పక్క షాపువాళ్లు తొంగిచూసి ఒకటే నవ్వులు! మావాడి కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి. కూలీ నూటయాభై తీసుకున్నాడు.

అన్నిసార్లూ ఇలా బతికి బయటపడతాయని కాదు. ఐసీ పోతే అదీ మార్చాలి. లోపల కంప్యూటర్ చిప్ ఉండే డిజిటల్ పెడల్ అయితే ఖర్చు తడిసిమోపెడవుతుంది. అందుకే ఏ ఎడాప్టరైనా గుచ్చేముందు దానిమీదా, పరికరం మీదా ఉన్న బొమ్మలు పోల్చుకోవాలి. మధ్యలో చుక్క, చుట్టూ అర్ధచంద్రం, వాటికి ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. రెండు బొమ్మలూ ఒకేలా ఉండాలి. వోల్టులూ కలవాలి. ఆంపియర్లు మాత్రం కావాల్సినదానికంటే ఎక్కువున్నా ఫర్వాలేదు.

వెళ్లడం తేలికే. 2020లో మొదలైన జేబీఎస్-ఎంజీబీఎస్ మెట్రోలో సుల్తాన్‌బజార్ స్టేషన్‌లో దిగి, గుజరాతీ గల్లీ ఎటని అడుగుతూ నడవొచ్చు. పాడైన పార్టు దొరికితే జేబులో వేసుకెళ్లండి, నంబరు దానిమీదే ఉంటుంది. అయితే ఆదివారం మాత్రం బయల్దేరకండి... ఆ రోజు అక్కడ చాలా షటర్లు మూసే ఉంటాయి!