ఇమ్యూనోథెరపీ కాలంలో పథ్యం

ఇమ్యూనోథెరపీ పొందుతున్న క్యాన్సర్ రోగి ఏం తినాలన్నది ఆ మందు పనిచేసే తీరును బట్టి ఆలోచించవలసిన విషయం. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు సొంత శరీరంపై దాడి చేయకుండా వాటికి పీడీ-1 వంటి ప్రోటీన్లు కళ్లెం వేస్తాయి. క్యాన్సర్ ఆ కళ్లేన్నే ఆసరా చేసుకుని తప్పించుకుంటుంది కనుక, నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ వంటి మందులు దానిని వదులు చేస్తాయి. ఈ మార్గానికి పునాది వేసిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి లభించింది. కళ్లెం వదులైన కణాలు ఒక్కొక్కప్పుడు పేగుల మీదికి, కాలేయం మీదికి, థైరాయిడ్ గ్రంథి మీదికి కూడా మళ్లుతాయి కాబట్టి, ఈ చికిత్సలో ఆహారం రోగనిరోధక శక్తిని మరింత రెచ్చగొట్టవలసిన అవసరం లేదు. కండ కరగకుండా, పేగులు చెడకుండా కాపాడితే చాలు.

తెలుగు ఇళ్లలో వైద్యులకు ఎక్కువగా కనిపించేది ఆహారం తగ్గిపోవడమే. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న ఒక వృద్ధుని విషయంలో ఇంటివారు వేడి చేస్తుందని గుడ్డు, చేప మాన్పించి, తీపి క్యాన్సర్‌ను పెంచుతుందన్న భయంతో పండ్లు కూడా ఆపి, జావతో, చారన్నంతో సరిపెట్టగా, స్కాన్‌లో గడ్డ అదుపులోనే ఉన్నా మనిషి మాత్రం మంచం దిగలేని స్థితికి వచ్చాడు. ఆ పథ్యం వెనుక ఉన్నది ప్రేమే కనుక వారిని తప్పుపట్టడం న్యాయం కాదు, కానీ లెక్క చెప్పక తప్పదు. క్యాన్సర్ రోగికి రోజుకు కిలో బరువుకు ఒక గ్రాముకు మించి, వీలైతే ఒకటిన్నర గ్రాముల వరకు ప్రోటీన్ కావాలి. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు కాగా, జావ, చారు ఆ అవసరాన్ని ఏ విధంగానూ తీర్చలేవు. ముద్దపప్పు, పెరుగు, గుడ్డు, చేప కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టడమే మార్గం.

పీచు సంగతి ఇంకా ఆసక్తికరమైనది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగులపై హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ కేంద్రం పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు కనీసం 20 గ్రాముల పీచు తిన్నవారిలో వ్యాధి ముదరకుండా ఎక్కువ కాలం నిలిచింది. మేలైన బ్యాక్టీరియా పేరిట అమ్మే ప్రోబయోటిక్ మందులు వాడినవారిలో ఆ మేలు కనిపించలేదు. పరిశీలన మాత్రమే అయినందున ఇది తుది రుజువు కాదు. అయినా కందిపప్పు, తోటకూర, గోంగూర, జొన్నరొట్టె తినగలిగినవారికి వాటిని మాన్పించడానికి కారణమేమీ లేదు, ఇంట్లో తోడుపెట్టిన పెరుగుకూ అంతే.

అయితే విరేచనాలు మొదలైతే ఈ సలహా అంతా తిరగబడుతుంది. మూత్రపిండ క్యాన్సర్‌కు చికిత్సలో ఉన్న ఒక స్త్రీ నీళ్ల విరేచనాలను వేడిగా భావించి, మజ్జిగ తాగుతూ, మందుల దుకాణంలో కొన్న మాత్రలతో రోజులు గడిపి, నీరసించి ఆసుపత్రికి వచ్చేసరికి పెద్దపేగు వాచి ఉంది. అది మందు రేపిన వాపు. దానికి స్టెరాయిడ్లు కావాలి. విరేచనాలు మామూలు కంటే నాలుగుసార్లు ఎక్కువైతే ఆ రోజే వైద్యునికి చెప్పాలి, పేగు కుదుటపడేదాకా పీచు తగ్గించి మెత్తని అన్నం, ఉప్పు కలిపిన ద్రవాలు ఇవ్వాలి. స్టెరాయిడ్లు రక్తంలో చక్కెరను పెంచుతాయి కనుక తీపి తగ్గించవలసిన సమయం నిజానికి అదే.

కషాయాల గురించి రోగులు తమంతట తాము చెప్పరు. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవారిలో రోగనిరోధక వ్యవస్థ తన కాలేయాన్నే దెబ్బతీసినట్లు కనిపించే హెపటైటిస్‌ను ముంబై వైద్యులు 2021లో నివేదించారు. ఇమ్యూనోథెరపీలోనూ కాలేయం ఇలాగే దెబ్బతినవచ్చు కాబట్టి, కషాయం సంగతి దాగితే కారణం ఏదో తేలక, అవసరమైన మందును అనవసరంగా ఆపవలసి వస్తుంది. అందుకే వైద్యుడు కోప్పడకుండా, ప్రతి విడతకు ముందు, వంటింట్లో కాచినవాటిని కూడా పేరుపేరునా అడిగి తెలుసుకోవాలి.