అడగకుండా పంపిన బయోడేటా

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఇందులో మా తప్పు ఒకటుంది. అది ముందే ఒప్పేసుకుంటున్నాం.

పోయినేడాది ఆషాఢం వెళ్ళగానే మా అక్కగారి అమ్మాయి బయోడేటా మన సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది మేమే. పేరు, గోత్రం, నక్షత్రం, పుట్టిన తేదీ, పుట్టిన సమయం, ఎత్తు, కంపెనీ, జీతం, ఫోన్ నంబరు, ఇక్కడ బెంగళూరులో తను అద్దెకుంటున్న ఫ్లాట్ నంబరుతో సహా అడ్రసు, అన్నీ ఒకే పేజీలో. పైగా మూడు ఫోటోలు. గ్రూపులో తొమ్మిది వందల పైచిలుకు మంది ఉన్నారు. అందరూ మనవాళ్ళే కదా, మంచి సంబంధం దొరికితే చాలు అనుకున్నాం.

వారం తిరక్కుండానే అమ్మాయికి ఫోన్లు మొదలయ్యాయి. ముందు పెళ్ళిళ్ళ బ్రోకర్లు, తర్వాత లోన్లు ఇస్తామనేవాళ్ళు, ఆ తర్వాత రాత్రి పదకొండింటికి ఎవరెవరో. ఒక ఆదివారం సాయంత్రం ఒకతను వాళ్ళ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరకొచ్చి, వాచ్‌మన్‌కి పేరు, ఫ్లాట్ నంబరు చెప్పి "ఇంట్లో ఉందా?" అని అడిగాడు. అతను మన గ్రూపులో మనిషి కాదు. ఎవరు ఎవరికి పంపితే అతనిదాకా చేరిందో ఇప్పటికీ తెలీదు.

అమ్మాయి నంబరు మార్చుకుంది. నంబరు మార్చడమంటే సిమ్ మార్చడం ఒక్కటే కాదు. బ్యాంకు, ఆధార్, గ్యాస్, ఆఫీసు అన్నిచోట్లా మార్పించుకునేసరికి నెలన్నర పట్టింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "పిన్నీ, బాబాయ్, పంపే ముందు నన్నొకసారి అడిగుంటే బాగుండేది" అంది, అంతే. తిట్టినా ఇంత బాధపడేవాళ్ళం కాదు.

అంతకుముందు మేమూ అందరిలాగే "దాచుకోవడానికి మన దగ్గర ఏముంది?" అనేవాళ్ళం. ఇప్పుడు అనం. పేరంటానికి వీధి వీధంతా పిలుస్తాం, అలాగని బీరువా తాళాలు ఎవరి చేతికీ ఇవ్వం కదా. పైగా ఇక్కడ ఆ బీరువా మాది కాదు, అమ్మాయిది.

ఆ తర్వాత ఇంట్లో కూర్చుని ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాం. ఏం చేశామో, ఏది మా వల్ల కాలేదో రెండూ చెబుతాం.

ముందు కుటుంబం గ్రూపు. మా తొమ్మిదిమందిమి సిగ్నల్‌లోకి మారాం. వాట్సాప్‌లో కూడా మెసేజీలకు తాళం ఉంది. 2016 నుంచి అందరికీ ఉంది, అది సిగ్నల్ వాళ్ళు తయారుచేసిన పద్ధతే. తేడా మెసేజీ చుట్టూ ఉండే సమాచారంలో ఉంది. ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నది కూడా సమాచారమే. సిగ్నల్‌ను నడిపేది లాభాపేక్ష లేని సంస్థ, ప్రకటనలుండవు, ఖర్చు చాలావరకు విరాళాల మీదే. 2016లో అమెరికాలో కోర్టు ఆదేశం ద్వారా ఒక ఖాతా వివరాలు అడిగితే, ఆ ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు అన్న రెండే ఇవ్వగలిగారు. వాళ్ళ దగ్గర అంతకుమించి లేదు. లేనిది ఎవరూ లాక్కోలేరు కదా, మాకు నచ్చింది అదే. ఇప్పుడందులో మన ఫోన్ నంబరు కనబడకుండా పెట్టుకోవచ్చు కూడా.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "నా చెల్లెళ్ళంతా వాట్సాప్‌లోనే ఉన్నారు, నేనొక్కదాన్నే అక్కడికొచ్చి ఎవరితో మాట్లాడను?" అంది. నిజమే. వాట్సాప్ వదిలేయడం మా వల్ల కూడా కాలేదు, ఈ సంఘమే అక్కడుంది. అందుకని అందులోనే రెండు పనులు చేశాం. ఒకటి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి 6 అంకెల పిన్ వేసుకున్నాం. రెండు, చాట్ బ్యాకప్‌కి తాళం వేసుకున్నాం. ఇది దానంతటది ఉండదు, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మనమే ఆన్ చేసుకోవాలి. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే బ్యాకప్ తిరిగి రాదు, అందుకని రాసి పెట్టుకోండి.

తర్వాత ఆధార్. జిరాక్స్ షాపు అతని వాట్సాప్‌కి ఆధార్ పంపి ప్రింటు తీయించుకోవడం మనందరికీ అలవాటే. ఆ ఫైలు అతని కంప్యూటర్లో ఎన్నాళ్ళుంటుందో మనం అడగం, అతనూ చెప్పడు. ఆధార్ వెబ్‌సైట్‌లోనే మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది. 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనబడతాయి. చాలాచోట్ల అది సరిపోతోంది. ఒప్పుకోనిచోట ఎందుకు కావాలో అడిగి ఇస్తున్నాం.

పాస్‌వర్డులకి బిట్‌వార్డెన్ పెట్టుకున్నాం, ఉచితంగానే. అమ్మవి మాత్రం ఆమె నోటుపుస్తకంలో, దేవుడి గది అల్మరాలో ఉన్నాయి. నిజం చెప్పాలంటే అదీ మంచి పద్ధతే, ఇంటర్నెట్‌లో ఉన్న దొంగ ఆ అల్మరా తీయలేడు.

వెతకడానికి ఫైర్‌ఫాక్స్, డక్‌డక్‌గో. మోకాళ్ళ నొప్పి అని ఒకసారి వెతికితే నెలంతా నూనెల ప్రకటనలు వెంటపడే బాధ తగ్గింది. తెలుగులో, కన్నడలో వెతికితే మాత్రం మాకు గూగుల్‌లోనే బాగా దొరుకుతున్నాయి, అప్పుడు అక్కడికే వెళుతున్నాం. మ్యాప్స్ కూడా వదల్లేకపోయాం, సిల్క్ బోర్డు ట్రాఫిక్ సంగతి మీకు చెప్పాలా!

ఇదంతా పెద్ద చదువులవాళ్ళ గొడవ అనుకోకండి. ఈ హక్కు కోసం కోర్టుకెక్కింది మన ఊరి పెద్దమనిషే. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన జస్టిస్ పుట్టస్వామి గారు ఆధార్ విషయంలో 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళేనాటికి ఆయన వయసు 86. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జిలు ఏకగ్రీవంగా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని చెప్పారు. ఆ వయసులో ఆయన అంత చేస్తే, మనం ఫోన్‌లో నాలుగు సెట్టింగులు మార్చుకోలేమా?

సంఘం కమిటీకి మా విన్నపాలు మూడు. సభ్యుల డైరెక్టరీ పీడీఎఫ్ చేసి గ్రూపులో వేసే ముందు ఎవరి అడ్రసు వేయొచ్చో వాళ్ళనే అడగండి. స్కాలర్‌షిప్ దరఖాస్తులకు మాస్క్‌డ్ ఆధార్ చాలనండి, డబ్బు ఇచ్చేశాక ఆ ఫైళ్ళు తీసేయండి. పెళ్ళి బయోడేటాలు గ్రూపులో కాకుండా కమిటీలో ఒకరిద్దరు పెద్దల దగ్గర ఉంచి, కావలసినవాళ్ళకు అమ్మాయినో అబ్బాయినో అడిగిన తర్వాతే ఇవ్వండి. ఇందులో మూడోది ముందు మేమే పాటించాల్సింది.

సెట్టింగులు ఎలా మార్చాలో తెలియనివాళ్ళు వచ్చే మీటింగుకి ఒక అరగంట ముందు రండి. పెద్దవాళ్ళకు దగ్గర కూర్చుని చేసి పెడతాం.

అన్నట్టు, మా అమ్మాయి బయోడేటా మళ్ళీ రాసింది. ఈసారి తనే రాసింది, అరపేజీ. అడ్రసు లేదు, జీతం లేదు, ఫోటో అడిగినవాళ్ళకే. కింద ఫోన్ నంబర్లు మాత్రం మా ఇద్దరివి వేసింది. ఇప్పుడు ఆ రాత్రి పదకొండింటి ఫోన్లు మాకొస్తున్నాయి.