ఆపరేషన్ హిసాబ్

మన ఇళ్లల్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే అందరూ అడిగే సవాల్ ఒకటే: "డాక్టర్ అచ్ఛా హై క్యా?" జవాబ్ కూడా ఒకటే: "బహుత్ అచ్ఛా." ఎంత అచ్ఛానో కొలత లేదు. మా ఏన్కూరు వైపు పత్తి కొనేవాళ్లు తేమ చూడందే రేటు చెప్పరు. కడుపు కోసే చోట మాత్రం మనం ఏమీ అడగం.

మా ఖాలా బిడ్డకు పట్నంలోని ఒక ఆస్పత్రిలో పెద్దాపరేషన్ చేసి కాన్పు చేశారు. ఇంటికొచ్చిన ఆరోరోజు కుట్ల దగ్గర చీము. మళ్లీ తీసుకెళ్తే కొత్త చీటీ రాసి, డ్రెస్సింగ్ చేసి పంపారు. షిఫా దొరికింది, అల్‌హందులిల్లాహ్. "ఈ నెలలో ఇట్లా ఎంతమందికైంది సిస్టర్?" అని అడిగాను. "అవన్నీ రాయం సార్" అంది.

అసలు ముసీబత్ అక్కడే ఉంది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మంది ఔరతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు ఇంతెఖాల్ అయ్యాక రాష్ట్రమంతా మాట్లాడింది. మౌత్ అయితే ఖబర్ అవుతుంది. చీము ఖబర్ కాదు. కానీ థియేటర్‌లో శుభ్రత తప్పుతోందని ముందుగా చెప్పేది ఆ చీమే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్‌తోనే. దేశం మొత్తం మీద 21.5. ఇది ఇల్లిల్లూ తిరిగి తల్లుల్ని అడిగితే తేలిన లెక్క. ఆ కుట్లు ఎట్లా మానాయో చెప్పాల్సింది ఆస్పత్రిలో ఆ డిపార్ట్‌మెంటే.

బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ 1911 నుంచి 1916 వరకు తన ఆస్పత్రిలో 337 మంది మరీజుల హిసాబ్ రాసి, అందులో 123 గల్తీలు జరిగాయని తానే అచ్చు వేశాడు. తోటి డాక్టర్లు ఖఫా అయ్యారు. సచ్ చెప్పినవాడికి సజా పడితే, రేపు ఇంకెవరు చెబుతారు?

అందుకే డిపార్ట్‌మెంట్లకు ముందు హిమ్మత్ ఇవ్వాలి. 30 రోజుల్లో ఎంతమందికి చీము పట్టింది, ఎంతమందికి మళ్లీ ఆపరేషన్ అయింది, కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇచ్చారా - ఈ మూడు రాస్తే చాలు. కష్టమైన కేసులు తీసుకునేవాళ్లకు లెక్క ఎక్కువే వస్తుంది. కాబట్టి పక్క ఆస్పత్రితో కాదు, తమ పోయిన నెలతోనే ముకాబలా పెట్టాలి. లెక్క బాగాలేకపోతే మెమో కాదు, మదద్ పంపాలి.

2007-08లో ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో ఆపరేషన్‌కు ముందూ వెనకా ఒక చెక్‌లిస్ట్ చదివి చూశారు. నూటికి 11 మందికి వచ్చే ఇబ్బందులు 7కు తగ్గాయి. ముందు లెక్క రాసుకున్నారు కాబట్టే తగ్గిందని తెలిసింది.

మన జిమ్మేదారీ కూడా ఉంది. కాన్పు తర్వాత 42 రోజుల దాకా ఆశా బెహెన్ ఇంటికొస్తుంది. బిడ్డ బరువు ఒక్కటే చూపించి పంపకండి. కుట్లు కూడా చూపించండి, చీముంటే రాసుకొని ఆస్పత్రికి చెప్పమనండి. పర్దా అని, షరమ్ అని దాచిపెడితే, రేపు అదే టేబుల్ మీద పడుకునే ఇంకో ఆడబిడ్డకు నుక్సాన్.