కీచుమన్న కారు

పొద్దున్నే మాస్టారు కారు తీస్తే వీధంతా కీచుమనేది. 2004లో భార్య ముచ్చటపడి కొనిపించిన మారుతి 800. ఆవిడ లేదిప్పుడు. 'అమ్మేయండి నాన్నా' అని కొడుకు పోరు. ఆల్టర్నేటర్ పోయిందని మెకానిక్ తేల్చేశాడు.

మాస్టారు నమ్మలేదు. హెడ్‌లైట్లు వేస్తే మోత పెరుగుతోంది. బరువు పడగానే బెల్టు జారుతోందన్నమాట! తిరిగే బెల్టు మీద దూరం నుంచి కాసిని నీళ్లు చిలకరించారు. కీచు ఇంకా హెచ్చింది. అయితే బిగువు చాలడం లేదు. ఇంజిన్ ఆపి వేలితో నొక్కితే రెండు సెంటీమీటర్లు దిగింది. అంచులు అద్దంలా మెరుస్తున్నాయి. అలాంటిదాన్ని ఎంత బిగించినా జారుతుంది. కొత్తది వేసి, ఆల్టర్నేటర్‌ను వెలుపలికి లాగి, సెంటీమీటరు లోపే దిగేలా బిగించారు. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి (అదీ ఓసారి అయింది).

మర్నాడు కొడుకు నిద్రలేచి చూస్తే షెడ్డు ఖాళీ.